గంజాయి మొక్కా, చెట్టా, పొదా?

సందేహం: ఒకే వార్తలో ‘గంజాయి మొక్కలు’, ‘గంజాయి చెట్లు’, ‘గంజాయి పొదలు’ అని మూడు విధాలుగా రాశారు. ఏది సరి? ‘గంజాయి వనంలో తులసి మొక్క’ అంటాం కదా, అక్కడ ‘వనం’ పొసగుతుందా? – ఒక పాఠకుడు, అంబర్‌పేట, హైదరాబాదు

సమాధానం: ‘మొక్క’ అనడమే మేలు. గంజాయి ఏకవార్షికం. మొలిచి, పూసి, కాసి ఏడాది లోపే ఎండిపోతుంది. ‘చెట్టు’ తప్పని కొట్టెయ్యలేం. మలక్‌పేట గంజ్‌కు సరుకు తెచ్చే రైతు మిరపచెట్టు అనే అంటాడు. మనమూ తులసిచెట్టు అంటాం. కానీ వార్తలో ‘50 గంజాయి చెట్లు’ అని రాస్తే చదివేవారికి మామిడితోట మెదులుతుంది.

‘పొద’ మాత్రం కుదరదు. పొదకు మొదట్లోంచే పలు కాండాలు లేస్తాయి, ఏళ్ల తరబడి నిలుస్తుంది. గంజాయికి నడికాండం ఒక్కటే. దానిమీద నిలువునా గాడులుంటాయి, కొమ్మలు కణుపుల దగ్గర పుడతాయి. మరి పొదలా ఎందుకు కనబడుతుంది? కొంత రకాన్ని బట్టి. సటైవా అనేది కణుపుల నడుమ ఎడంతో మనిషెత్తు దాటి సాగుతుంది. వాడుకలో ఇండికా అనేది పొట్టిగా, వెడల్పాటి ఆకులతో కమ్ముకుంటుంది. రుడరాలిస్ చిన్నది, కొమ్మలూ తక్కువే. కొంత ఎడాన్ని బట్టి. నారకోసం ఒత్తుగా విత్తే దేశాల్లో అదే మొక్క కొమ్మ వెయ్యకుండా గడలా లేస్తుంది. చోటు దొరికితే పక్కలకు విస్తరిస్తుంది. ఆడ, మగ మొక్కలు వేరు కావడం ఇంకో కారణం: మగది సన్నగా పెరిగి, పుప్పొడి రాల్చి ముందే ఎండుతుంది, ఆడది గుబురుగా ఉంటుంది. కనుక ‘గుబురు మొక్క’ అనండి, రూపమూ తెలుస్తుంది, మాటా చెడదు.

గంజాయిది ‘గోగాకు లాంటి ఆకు’ అనే వర్ణన దగ్గరా జాగ్రత్త అవసరం. గోగాకు ఒకే ఆకు, వేళ్లలా చీలి ఉంటుంది. ఎంత లోతుగా చీలినా అడుగున కలిసే ఉంటుంది. గంజాయిలో తొడిమ కొసన విడివిడి పత్రకాలు (చిన్నాకులు), సాధారణంగా 5, 7 లేదా 9, రంపపు పళ్ల అంచుతో విచ్చుకుంటాయి. మొక్క పైకొసకు పోయేకొద్దీ వాటి సంఖ్య 3కు, 1కి తగ్గుతుంది. ఈ పైపై పోలిక వల్లే నారగోగు శాస్త్రనామంలో, గంజాయి శాస్త్రనామమైన ‘కన్నాబిస్’ను తలపించే ‘కన్నాబినస్’ చేరింది.

ఇక ‘వనం’. అది మహావృక్షాలకే చెల్లే మాట కాదు. తులసివనం అంటున్నాం కదా, గంజాయి వనమూ అంతే. ‘గంజాయి తోటలో’ అనేవారూ ఉన్నారు, అదీ ఒప్పే.