ఆర్డరు వచ్చిందని అప్పు చేయకండి, అడ్వాన్సు అడగండి

ప్రశ్న: మాది కాకినాడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నెలకు 38,000 చేతికొస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 28,000. నేను ఇంట్లో చేత్తో గ్రీటింగ్ కార్డులు, వాటికి జత కవర్లు చేస్తాను. పుట్టినరోజులు, సీమంతాలు, గృహప్రవేశాలు, పెళ్లిళ్లకు చదివింపుల కవర్లు, ఏడాదికి ఐదు పెద్ద ఆర్డర్లు వస్తాయి. ఈమధ్య 400 గృహప్రవేశం కార్డుల ఆర్డరు కోసం ఫోన్ యాప్‌లో 30,000 అప్పు తీసుకున్నాను. చేతికి 26,400 వచ్చాయి. నెలకు 5,800 చొప్పున ఆరు వాయిదాలు, రెండు కట్టాను. కార్డులు పూర్తయ్యాక ముహూర్తం మారిందని వాళ్లు తీసుకోలేదు. పాప చదువు కోసం 1,20,000 ఎఫ్‌డీ ఉంది, మ్యూచువల్ ఫండ్ సిప్ నెలకు 3,000 కడుతున్నాం, నెలకు 2,000 చొప్పున లక్ష చీటీ నడుస్తోంది. బంగారం మీద లక్ష తీసుకుని 42,000కు కటింగ్ మెషీన్, 30,000కు టోకున కాగితం కొని, మిగతాది యాప్ అప్పుకు కట్టేద్దామనుకుంటున్నాను. చీటీ పాడుకోవడం మేలా?

జవాబు: మెషీన్ వద్దు, టోకు కాగితం వద్దు, బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. ముందు యాప్ అప్పు తీర్చేయండి, అదీ వచ్చే వాయిదా తేదీలోపే.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మగ్గం వర్కు, పిండివంటలు, పచ్చళ్లు, కార్డులు, ఏదైనా సరే, ఇంటిదగ్గర పని చేసుకునేవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. ఫోన్లో ఆర్డరు ఖాయం కాగానే డబ్బు వచ్చేసినట్టే లెక్కేసుకుని, సరుకుకు అప్పు తెస్తారు. ఆర్డరు ఇచ్చినవాళ్లు ఒక్క మాటతో తప్పుకుంటారు. వాయిదా మాత్రం తప్పుకోదు.

యాప్ అప్పు ఎంతకు పడిందో చూశారా? 26,400 తీసుకుని 34,800 కడుతున్నారు. తేడా 8,400 ఆరు నెలలకే కదా అనిపిస్తుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే నూటికి నెలకు సుమారు ఎనిమిదిన్నర రూపాయల వడ్డీ. వీధిలో రెండు రూపాయల వడ్డీకిచ్చే ఆసామిని తిట్టుకుంటాం, ఫోన్లో ఇదొస్తే వేలిముద్ర వేసేస్తాం! అప్పు ఇచ్చేముందు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్లో, అంటే అప్పు షరతుల సారాంశ పత్రంలో, ఏపీఆర్ (ఏడాదికి పడే మొత్తం వడ్డీ శాతం) అనే గడి ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపిన అసలు వడ్డీ అక్కడే కనపడుతుంది. నెలవాయిదా ఎంతో చూసి సరేననడం కాదు, ఆ గడి చదవాలి.

యాప్ వాళ్లు అసలును 30,000గానే లెక్కేస్తారు కాబట్టి ఇంకా మిగిలిన అసలు దాదాపు 21,000. ఎఫ్‌డీలోంచి తీసి కట్టేయండి. ముందుగా తీర్చితే ఏమైనా చార్జీ ఉందేమో అడగండి. అసలు, చార్జీ కలిపి, మిగతా నాలుగు వాయిదాలకు మీరు కట్టబోయే 23,200 కంటే తక్కువైతే చాలు. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీలో ఒక శాతం అటూఇటూ పోతుంది, పోనివ్వండి. అది పాప చదువు డబ్బు అంటారు. మీకు వేరే నిల్వ లేనప్పుడు ఆ ఎఫ్‌డీకి మీరు ఏ పేరు పెట్టుకున్నా అదే మీ అత్యవసర నిధి.

అసలు సంగతి కూడా అదే. మీ ఇంట్లో అత్యవసర నిధి లేదు. రెండు ఆదాయాలున్నాయి కదా, మూడు నెలల ఖర్చు దాస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. మీ ఆదాయం పంచాంగాన్ని బట్టి నడిచేది. ఆషాఢంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు. భాద్రపదం, పుష్యం అంతే. వీటికి తోడు మూఢం వస్తే వరుసగా కొన్ని నెలలు ఒక్క ఫోనూ రాదు. సరిగ్గా అప్పుడే మీవారి ఉద్యోగానికి ఏదైనా అయితే? అందుకే మీకు ఆరు నెలల ఖర్చు కావాలి: 1,68,000. ఇందులో రూపాయి కూడా కాగితానికి, ముత్యాలకు, రిబ్బనుకు వెళ్లకూడదు.

అప్పు తీర్చాక మీ దగ్గర సుమారు 99,000 ఉంటాయి. 19,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచి, 80,000ను నాలుగు 20,000 ఎఫ్‌డీలుగా వేయండి. అవసరానికి ఒకటి తీస్తే మిగతా మూడింటి వడ్డీ చెడదు. తక్కువ పడేది 69,000. ఆగిపోయిన వాయిదా 5,800, తాత్కాలికంగా ఆపే సిప్ 3,000, కలిపి నెలకు 8,800. ఎనిమిది నెలల్లో నిండుతుంది. సిప్ ఎనిమిది నెలలు ఆగితే కొంపేమీ మునగదు.

కార్డుల పనికి వేరే ఖాతా, వేరే నిధి పెట్టుకోండి. మీరు పంపిన లెక్కలో 400 జతలకు, జత 45 చొప్పున 18,000 వస్తాయి. సరుకు 8,400. మిగిలేది 9,600. జతకు 12 నిమిషాలంటే మొత్తం 80 గంటలు, అంటే గంటకు 120 రూపాయలు. ప్రతి ఆర్డరులోంచి 3,500 పక్కనపెడితే ఏడాదిలో 17,500 అవుతుంది. రెండు ఆర్డర్ల సరుకు అందులోంచే కొనుక్కోవచ్చు. అందాకా అడ్వాన్సు మీదే నడపండి. నమూనా చూపించి, వాళ్లు సరేనన్నాక 60 శాతం, అంటే 10,800, ఖాతాలో పడితేనే కత్తెర పట్టుకోండి. సరుకు ఖర్చు దాంట్లోనే వెళ్లిపోతుంది. బంధువులైనా ఇదే పద్ధతి. మొహమాటానికి పోయే కదా ఇప్పుడు 400 కార్డులు అటక మీదున్నాయి.

ముహూర్తం మారితే కార్డు వృథా కాకుండా చేసే వీలు కూడా ఉంది. పేర్లు, తేదీ నేరుగా కార్డు మీద వేయకండి. కవర్లకు వాడే 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే కొలత) కాగితపు చీటీ మీద విడిగా ముద్రించి, లోపలి పక్క ఆఖర్న, రెండంచులకే డబుల్ టేప్‌తో అంటించండి. తేదీ మారితే ఆ చీటీ ఒక్కటే పోతుంది. కవరు మీద పేరు వేయకపోతే కార్డూ, కవరూ ఇంకొకరికి పనికొస్తాయి. ఇప్పుడు అటక మీదున్న వాటిలో తేదీ పడిన చోట కొత్త చీటీ కప్పితే సరిపోయేవి ఎన్నో ఏరండి. కవర్లను చదివింపుల కవర్లుగా అమ్మేయవచ్చు.

టోకు కాగితం ఎందుకు వద్దంటున్నానంటే, కాకినాడ గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో కట్ట విప్పిన అట్ట అంచులు వంకర్లు పోతాయి, గమ్ము రాసిపెట్టిన కవర్లు వాటంతటవే అంటుకుంటాయి, సిల్వర్‌ఫిష్ పురుగు పడితే అంచులు కొరికేస్తుంది. రంగుదీ ఒక తంటా: అదే గులాబీ అయినా లాటు మారితే ఛాయ మారుతుంది, కార్డుకూ కవరుకూ జత కుదరదు. అందుకే ఆర్డరుకు కావలసిందంతా ఒకే లాటులో, అడ్వాన్సు డబ్బుతో, ఒకేసారి తెచ్చుకోవాలి. 400 కార్డులంటే 300 జీఎస్‌ఎం ఏ4 షీట్లు 200. ఒక్కోదాంట్లో మధ్యకు మడిచే ఏ6 కార్డులు రెండు వస్తాయి. వృథాకు మరో 20 కలపండి. కవర్లకు 120 జీఎస్‌ఎం ఏ4 షీట్లు 440.

కవరుకు షీటును 210 మి.మీ. చదరంగా కోసి, మూలల మీద నిలబెట్టి, మధ్యలో 114 × 162 మి.మీ. గీసుకుని నాలుగు వైపులా మడిస్తే ఏ6 కార్డుకు సరిపోతుంది. మడతల మూలల్లో చిన్న త్రికోణాలు తీసేయాలి, లేకపోతే అక్కడ కాగితం ముద్దకడుతుంది. మిగిలిన 87 మి.మీ. పట్టీలోంచి పైన చెప్పిన చీటీలు తీయండి, వేరే కాగితం కొననక్కర్లేదు. కార్డు మీద ముత్యాలో రూపాయి బిళ్లో ఉబ్బెత్తుగా ఉంటే ఈ కొలత బిగుతవుతుంది, మూత చిరుగుతుంది. అలాంటిదానికి ఇంకాస్త పెద్ద షీటు వాడి, ధర కూడా పెంచండి. 300 జీఎస్‌ఎం అట్టను గాడి గీయకుండా మడిస్తే పైపొర పగులుతుంది. గాడి బయటికి, ఉబ్బు లోపలికి వచ్చేలా, అట్ట నార పొడవునే మడవాలి. జిగురు ఎక్కువ నీళ్లగా ఉంటే కవరు అలలు తేలుతుంది. ఇలా పాడైన పది, పాతిక కార్డులు మీ లెక్కలో ఎక్కడా కనపడలేదు. ఇకమీదట రాయండి.

ఇక మెషీన్. అది కోతను తగ్గిస్తుంది. మడత, అంటింపు, ముత్యాలు మీ చేతిమీదే ఉంటాయి. జతకు రెండు నిమిషాలు మిగిలిందనుకున్నా ఆర్డరుకు 13 గంటలు, ఐదు ఆర్డర్లకు 65 గంటలు. గంటకు 120 చొప్పున ఏడాదికి 7,800 రూపాయల మిగులు. 42,000 తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది, బ్లేడు, మ్యాట్ ఖర్చులు వేరే. చదరాలు కోయడానికి ప్రింటింగ్ ప్రెస్‌లో కట్టర్ ఉంటుంది, కట్ట ఇచ్చి కోయించుకోండి. గీతలకు ఒక రేకు అచ్చు చేయించుకుంటే చాలు. ఏడాదికి 15 ఆర్డర్లు దాటినప్పుడు మళ్లీ ఆలోచిద్దాం.

మిగతావి క్లుప్తంగా. చీటీ ఇప్పుడు పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది, చివరిదాకా కట్టి తీసుకోండి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ప్రభుత్వ పథకం ముద్రలో శిశు రుణం 50,000 వరకు తాకట్టు లేకుండా వస్తుంది, కానీ రెండు నిధులూ నిండాకే ఆ మాట. మీ ఇద్దరికీ ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవనజ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) వెంటనే కట్టండి. మీవారి కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి ఇంటికి సొంత పాలసీ ఒకటి ఉండాలి.

యాప్ అప్పు తీరాక బాకీ లేదని తెలిపే నో డ్యూ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఖాతాకు పెట్టిన ఆటో డెబిట్ రద్దయిందో లేదో బ్యాంకులో చూసుకోండి. నెల తర్వాత మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఆ అప్పు మూసినట్టు రాకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.