అక్క పుట్టినరోజుకి రెండు నెలల్లో సాక్స్ అల్లగలనా?

అల్లగలరు. ఇంతవరకు మఫ్లర్లే అల్లాను, సాక్స్ అంటే టెన్షన్‌గా ఉంది అన్నారు కదా, నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లూ వచ్చినవాళ్లకి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ముఖ్యంగా మడమ దగ్గరి పనే. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉండే మా తమ్ముడికి నేను ఏటా పుట్టినరోజుకి ఇవే అల్లి పంపుతాను. అక్కడ చలికాలంలో మైనస్ 30 దాకా పడిపోయే రోజులుంటాయి, వాడేమో బస్‌స్టాప్‌కి నడిచి వెళ్లే మనిషి.

మీ శ్రద్ధంతా కొలత మీద పెట్టండి. డిజైన్లు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ఈసారి మాత్రం ఆ సాక్స్ అచ్చం మీ అక్క పాదానికి కుదరాలి. వేళ్ల కింద, పాదం వెడల్పుగా ఉండే చోట చుట్టుకొలత ఒకటి, మడమ నుంచి బొటనవేలి దాకా పొడవు ఒకటి, ఈ రెండూ కావాలి. అడిగితే విషయం తెలిసిపోతుంది అనుకుంటే బావగారినో, రూమ్మేట్‌నో పట్టుకోండి. చెప్పుల సైజు చూస్తే పొడవు కాస్త అంచనా దొరుకుతుంది గానీ వెడల్పు దొరకదు. మా తమ్ముడికి పాదం పైభాగం కాస్త ఎత్తు, కొన్న సాక్స్ ఏవి తొడిగినా చీలమండ ముందు ఎర్రగా గీత పడేది, చిన్నప్పుడు స్కూల్ నుంచి రాగానే విప్పి రుద్దుకుంటూ కూర్చునేవాడు. అందుకే మడమ ముక్క లెక్క కంటే నాలుగు వరసలు ఎక్కువ అల్లుతాను, అంతటితో బిగుతు పోయింది. ఇలాంటి సంగతి షాపువాడికి తెలియదు, తోడబుట్టినవాళ్లకి తెలుస్తుంది.

ఊలు విషయంలో రాజీ పడొద్దు. మన దగ్గర షాపుల్లో ఊలు అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారం, దాంతో అల్లితే పాదం చెమట పడుతుంది, పైగా ఉన్ని ఇచ్చినంత వెచ్చదనం ఉండదు. సాక్స్ కోసమే చేసే సన్న దారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ ఉన్నది చూడండి, నైలాన్ వల్ల మడమ తొందరగా చిరగదు. 100 గ్రాములకి సుమారు 400 మీటర్లు వస్తుంది, ఒక జతకి అది చాలు. సూపర్‌వాష్, అంటే ఉతికినా ముడుచుకుపోకుండా శుద్ధి చేసిన ఉన్ని, అని రాసి ఉంటే ఇంకా మంచిది. నలుపు, ముదురు నీలం మొదటిసారి వద్దు, రాత్రి లైటు కింద కుట్లు అసలు కనపడవు.

సూదులు 2.25 లేదా 2.5 మిల్లీమీటర్లవి, రెండు వైపులా మొన ఉన్నవి, ఐదు సూదుల సెట్టు. ముందు ఒక చిన్న ముక్క అల్లి 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. 32 వచ్చాయి, పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లు అనుకుందాం. సాక్స్ కాలికి పట్టి ఉండాలి కాబట్టి పదో వంతు తగ్గించి దాదాపు 20 సెంటీమీటర్లకి లెక్క వేస్తే 64 కుట్లు. మొదటి వరస మాత్రం వదులుగా ఎక్కించండి, ఆ అంచు బిగిస్తే మడమ దాటదు.

పై అంచు నుంచి గుండ్రంగా అల్లుకుంటూ కిందికి వచ్చాక, ఇక మడమ. 64లో సగం, అంటే 32 కుట్లు మాత్రమే తీసుకుని ముందుకీ వెనక్కీ 32 వరసలు అల్లుతారు, ప్రతి వరసలో మొదటి కుట్టు అల్లకుండానే రెండో సూదికి మారుస్తారు. అలా చేస్తే పక్కన గొలుసులాంటి అంచు వస్తుంది, తర్వాత ఒక్కో వైపు 16 కుట్లు ఎత్తుకునేది దాని నుంచే. నిట్ వరసల్లో ఒక కుట్టు అలాగే మార్చి, తర్వాతి కుట్టు అల్లుతూ పోతే మడమ మందంగా వస్తుంది. ఆ తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న వరసలతో మలుపు తిప్పాలి, ఇది చదివితే అర్థం కాదు, వీడియో పక్కన పెట్టుకుని చేతిలో పని ఉండగానే చూడండి. చదునుగా ఉన్న ముక్క కళ్లముందే గుంటలా ముడుచుకుంటుంది, నాకైతే ఇప్పటికీ ఆ పది నిమిషాలంటే ప్రాణం.

వేళ్ల దగ్గర, చివరి 5 సెంటీమీటర్లు ఉందనగా కుట్లు తగ్గించడం మొదలుపెట్టండి. మొత్తం పొడవు పాదం కంటే ఒక సెంటీమీటరు తక్కువే ఉండనివ్వండి, తొడిగితే సాగుతుంది.

ఒకటి పూర్తయిన రోజే రెండోదానికి కుట్లు ఎక్కించేయండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. మొదటిదాని వరసల లెక్కలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటే రెండోది తేడా రాదు. రోజుకి గంట కూర్చోగలిగితే రెండు నెలలు ధారాళంగా సరిపోతుంది. పార్సిల్ విదేశానికి అయితే అందుకు కనీసం రెండు వారాలు పక్కన పెట్టండి, చల్లటి నీళ్లలో ఉతకాలి, పిండకూడదు అని చీటీ రాసి లోపల పెట్టండి.

కొలతలు దొరికాక చుట్టుకొలత, మీ చిన్న ముక్కలో వచ్చిన కుట్ల సంఖ్య ఇక్కడ రాయండి, ఎన్ని ఎక్కించాలో లెక్క వేసి చెప్తాను.