లెబనాన్‌లో ఉన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రోజూ వీడియో కాల్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అయినా నెలకు రెండు ఉత్తరాలు రాయరా. ఫోన్‌లో నీ ముఖం చూసుకోవడంతోనే ఆవిడకు సరిపోతోంది, నువ్వు చెప్పింది ఒక్కటీ గుర్తుండటం లేదు. కాగితమైతే మధ్యాహ్నం తీరిగ్గా మళ్లీ చదువుకుంటుంది.

2006 ఆగస్టు 14న ఇజ్రాయెల్-హెజ్బొల్లా యుద్ధం ఆగాక నేనూ నీలాగే ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో చేసింది ఆ దక్షిణ లెబనాన్‌లోనే. యుద్ధం ఆగిందన్నాకే ఇంట్లోవాళ్లకు టెన్షన్ ఎక్కువ. మొన్న 2024 నవంబరు 27న కాల్పుల విరమణ అన్నారు, ఆ తర్వాత కూడా టీవీలో దాడుల వార్తలు ఆగలేదు. బీరుట్ పేరు వినగానే మీ అమ్మ నువ్వు అక్కడే ఉన్నావనుకుంటుంది. ఆ ఊరు నీకు దూరమని రాయి. పోస్టు పేరు, పెట్రోలింగ్ వేళలు, ఎంతమంది ఉన్నారన్నది మాత్రం ఉత్తరంలోనూ ఫోటోలోనూ రానివ్వకు.

"ఇక్కడ అంతా క్షేమం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏ తల్లీ నమ్మదు. షెల్టర్‌లోకి వెళ్లాల్సి వస్తే, గడిచిపోయాక, కాసేపు లోపల ఉన్నాం, అందరం బాగున్నాం అని చెప్పు. మన మాధవరం సంగతి నీకు తెలియనిదా? దాదాపు ఇంటికో సిపాయి. నువ్వు దాచినా గంటలో పక్కింటి నుంచి కబురొస్తుంది. భయం వేసిన రాత్రి రాసినదాన్ని మాత్రం తెల్లారి చదువుకున్నాకే పోస్టులో వెయ్యి.

మిగతాదంతా కళ్లారా చూసింది రాయి. మేమున్నప్పుడు క్లస్టర్ బాంబుల నుంచి చెదిరిపడ్డ చిన్న బాంబులు పేలకుండా తోటల్లో పడి ఉండేవి, ఆలివ్ కాయలు కోయడానికి రైతులు భయపడేవారు. అది రాస్తే మీ అత్తయ్య బాంబుల సంగతి వదిలేసి ఆ కాయలు ఏం చేస్తారని అడిగింది. మనం ఉసిరికాయలు ఊరేసినట్టు ఉప్పునీళ్లలో ఊరేస్తారని జవాబు రాశాను. మన బెటాలియన్ పశువైద్యుడు ఊళ్లో మేకలకు మందులిస్తాడు కదా, మీ నాన్నకు అది రాయి, పదిమందికి చెప్పుకుంటాడు. హెర్మోన్ కొండ మీద మంచు సంగతి పిల్లలకు.

ఉత్తరాన్ని ఇంట్లో పైకి చదువుతారని మరిచిపోకు. డబ్బు సంగతి, కోడలికి చెప్పాల్సిన మాటలు విడి కవరులో పెట్టు. తేదీ తప్పకుండా వెయ్యి, అందేసరికి రోజులు పడుతుంది. ఫలానా రోజున వస్తానని మాత్రం రాయకు. మీ శాంతిసేన మిషన్ 2026 డిసెంబరు 31తో ముగుస్తుందని భద్రతా మండలి తీర్మానించినా, నీ విమానం తేదీ నీ చేతిలో ఉండదు. అది తప్పితే ఇక్కడ ఎవరికీ అన్నం సహించదు.

ఇంకోటి. చలికాలంలో అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళ ఫోన్ మోగితే ఇల్లంతా హడలిపోతోంది. మీ టైము ప్రకారం సాయంత్రం ఐదులోపు చెయ్యి.

చెల్లి సంబంధం గురించి నీ అభిప్రాయం అడిగారట. దానికి ముందు జవాబు రాయి.

మీ మామయ్య