భద్రాచలం అంకెలు మనకు పనికిరావు: వరదపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అయ్యా, మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిందని టీవీలో చెబుతుంటే, మన దాకా రావడానికి ఇంకా వ్యవధి ఉందని అందరం ఊళ్లోనే ఉండిపోయాము. తరువాత చూస్తే వాగు దాటే దారి మూసుకుపోయింది. పైగా మరాఠీ సందేశాల్లో క్యూమెక్కులని, తెలుగు వార్తల్లో క్యూసెక్కులని వస్తాయి. ఎప్పుడు కదలాలో ముందుగా తెలుసుకొనే మార్గం ఉందా?
(ఒక రైతు, సిరొంచ తాలూకా)

సమాధానం: ఆ పొరపాటు మీ ఒక్క ఊరిది కాదు, ఈ శీర్షిక రాసే నేను కూడా ఆ ఏడాది అదే చేశాను. మన ఇళ్లలో మోగేది తెలుగు టీవీ, మన పాలన జరిగేది మరాఠీలో. తెలుగు ఛానళ్లకు గోదావరి వరద అంటే భద్రాచలం నీటిమట్టమే. అక్కడ 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులై 16న ఆ మట్టం 71.3 అడుగులకు చేరింది. అయితే భద్రాచలం మనకు దిగువన ఉన్న ఊరు. ప్రాణహిత నీరు మన గడపలను తాకి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసి, సోమనూరు వద్ద ఇంద్రావతిని కూడా కలుపుకొని పోయిన తరువాతే అక్కడి కొలబద్ద మీద ఆ నీటి లెక్క తేలుతుంది. ఆ అంకెను చూసి మనం మూటలు కట్టుకోవడం చుట్టాలు తిని వెళ్లిపోయాక ఎసరు పెట్టడం వంటిది.

మనం చూడవలసింది ఎగువకు. వార్ధా, వైనగంగ నదులు చప్రాళ దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు మూడో వంతు, అంటే దాదాపు 1,09,000 చదరపు కిలోమీటర్లు, ఈ ఒక్క ఉపనదిదే. అందువల్ల సిరొంచలో ఎండ కాస్తున్నా విదర్భలో కురిసిన వానకు మన పత్తి చేలు మునుగుతాయి. భండారా జిల్లాలో వైనగంగ మీద ఉన్న గోసీఖుర్ద్ ఆనకట్టకు 33 గేట్లు ఉన్నాయి. వాటిలో ఎన్ని ఎత్తారో, ఎంత నీరు వదులుతున్నారో మరాఠీ వార్తల్లో చెబుతారు. ఆ నీరు మన దాకా రావడానికి ఒక రోజుకు పైనే పడుతుంది కాబట్టి మనకు దొరికే వ్యవధి అదే. అయినా గోసీఖుర్ద్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు, ఎందుకంటే వార్ధా, పెన్‌గంగల వైపు, చంద్రపూర్ చుట్టుపక్కల పడిన వాన ఆ ఆనకట్టతో సంబంధం లేకుండానే వచ్చి కలుస్తుంది. రెండు వైపుల నీరూ కలిసిన లెక్క కావాలంటే మన తాలూకాలోనే టేక్రా వద్ద కేంద్ర జలసంఘం కొలిచే ప్రాణహిత మట్టాన్ని చూడాలి. జలసంఘం వరద సమాచారం వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఊళ్లో ఫోన్ వాడకం తెలిసిన కుర్రవాడికి ఆ పని అప్పగించి, వానాకాలం నాలుగు నెలలూ ఉదయం సాయంత్రం ఆ అంకెను బోర్డు మీద రాయిస్తే సరిపోతుంది.

గోదావరి వైపు కూడా ఒక కన్ను వేయాలి. గోదావరి మీద ఎగువన ఉన్న ఎల్లంపల్లి ఆనకట్ట నుంచి నీరు భారీగా వస్తూ గోదావరి నిండుగా పారుతున్నప్పుడు ప్రాణహిత నీటికి పోయే చోటు తగ్గిపోతుంది. అప్పుడు నది వెనక్కి ఎగదన్ని వాగుల్లోకి ఎక్కుతుంది. మీ దారి మూసుకుపోయింది బహుశా ఇలాగే. పైనుంచి వచ్చే వాగు నీరు ఉరకలు వేస్తూ వస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఎగదన్నిన నీరు చప్పుడు చేయదు. చెత్త, తుంగ, ఎండుపుల్లలు వాలుకు ఎదురుగా ఊరి వైపు మెల్లగా తేలుతూ వస్తాయి, కల్వర్టు కింద సుడి ఆగిపోయి నీరు చెరువులా నిలబడుతుంది. ఈ గుర్తు కనిపిస్తే ఇక టీవీ చూడనక్కరలేదు. పశువుల పలుపులు విప్పి, ముసలివారిని, బాలింతలను ముందుగా దాటించాలి. ఆ వాగు మూసుకుంటే ఊరు దీవి అవుతుంది.

ఇక కొలతల సంగతి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనమీటరు, అంటే 1,000 లీటర్లు. ఒక క్యూమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులకు సమానం. మరాఠీ సందేశంలో 10,000 అని చూసి ఇంతేనా అనుకుంటాము గానీ, అది 3,53,000 క్యూసెక్కులు. 2022 జులైలో 85 గేట్లున్న మేడిగడ్డ బరాజు గుండా 28 లక్షల క్యూసెక్కులకు పైగా పోయాయి, అది సుమారు 80,000 క్యూమెక్కులు. నోటి లెక్కకు 35తో హెచ్చవేసుకుంటే చాలు.

ఇన్ని అంకెలున్నా మీ ఊరి గుర్తు మీ ఊళ్లోనే ఉండాలి. మా వీధిలోని కిరాణా కొట్టు యజమాని తలుపు లోపలి వైపు పెన్సిలుతో తేదీ, వేళ, నీరు ఎన్నో మెట్టుకు వచ్చిందీ రాసి, పక్కనే ఆ పూట టేక్రా మట్టాన్ని వేసుకుంటాడు. నా దృష్టిలో ఈ తాలూకాలో అంతకంటె నమ్మదగిన వరద పట్టిక లేదు. మీరు కూడా బడి గోడ మీద 2022 నాటి నీటి చార చెరిగిపోకముందే ఎర్రరంగు గీత గీయించండి. కల్వర్టు మీదికి నీరు ఎక్కిన పూట టేక్రాలో ఎంత ఉందో రాసుకోండి. రెండు మూడు వరదలకు మీ లెక్క మీకు తెలిసిపోతుంది.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది మిరపకాయల బస్తాలను అటక మీదికి ఎక్కించి, మంచం కింది ట్రంకు పెట్టెను మరచిపోయాను. నీరు తీశాక తెరిచి చూస్తే సాత్‌బారా (పొలం రికార్డు) కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విడదీయబోతే సంతకం ఒక కాగితంతో, ముద్ర మరో కాగితంతో వచ్చాయి. మళ్లీ నకళ్ల కోసం తిరిగిన తిరుగుడు వరదకంటె ఎక్కువ రోజులు పట్టింది.

ప్రశ్న: వరద తీశాక మా మిరప తోటలో ఇసుక మేట వేసింది. తలాఠీగారు (గ్రామ రెవెన్యూ అధికారి) పంచనామాలో పంట నష్టం మాత్రమే రాసుకున్నారు. ఇసుక తీయించడానికి వేరుగా సాయం దొరుకుతుందా?
(ఒక పాఠకురాలు, అంకీస పరిసరాలు)

సమాధానం: దొరుకుతుందమ్మా, కానీ అది వేరే పద్దు. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నియమాల ప్రకారం పంట 33 శాతం లేదా అంతకు మించి పోతే, వర్షాధార భూమికి హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న భూమికి 17,000 రూపాయలు, 2 హెక్టార్ల పరిమితితో ఇస్తారు. ఇసుక గానీ ఒండ్రు గానీ 3 అంగుళాల మందం దాటి మేట వేస్తే, దానిని తీయించుకోవడానికి చిన్న, సన్నకారు రైతులకు హెక్టారుకు 18,000 రూపాయలు ఇస్తారు. అదే పనికి మరో ప్రభుత్వ పథకం కింద సాయం అందుకొని ఉండకూడదు.

ఇక్కడ అంతా ఆ 3 అంగుళాల మీదే ఆధారపడి ఉంది. మందం ఎంతో పంచనామాలో రాయకపోతే తరువాత అడగడానికి ఆధారం ఉండదు. కాబట్టి నాగలి పెట్టకముందే పొలంలో నాలుగైదు చోట్ల పాత నల్లమట్టి తగిలేదాకా పారతో నిలువుగా తవ్వి, ఆ గోడకు స్కేలు ఆనించి ఫోటోలు తీయించుకోండి. తెల్లటి ఇసుక, దాని కింద నల్లరేగడి, మధ్య గీత స్పష్టంగా కనిపించాలి. పంచనామా మరాఠీలో ఉంటుంది గనుక చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. ‘పీక్ నుక్సాన్’ అంటే పంట నష్టం మాత్రమే. ఒండ్రుకు ‘గాళ్’, ఇసుకకు ‘వాళూ’ అన్న మాటలు, వాటి పక్కన మందం అంకె ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఫోటోలు జతచేసి తహసీల్దారుకు అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పంట బీమా కట్టి ఉంటే అది మరో దారి, పొలం మునిగిన 72 గంటలలోగా తెలియజేయాలి.

ప్రశ్న: మునిగిన చేదబావి నీటిని ఎప్పటి నుంచి తాగవచ్చు?
(ఒక పాఠకుడు, అసరెల్లి)

సమాధానం: ముందు ఆ నీటిని పూర్తిగా తోడిపోయించి, కొత్తగా ఊరిన నీటికి 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పొడి కలపాలి. పొడిని నేరుగా చల్లకుండా బకెట్టులో కలిపి, అడుగున మడ్డి దిగాక పైని తేటనీటిని మాత్రమే బావిలో పోయాలి. ఆ తరువాత కనీసం గంటసేపు ఆగాలి. నీరు ఇంకా మడ్డిగా ఉంటే ఈ మోతాదు సరిపోదు కాబట్టి తేరేదాకా మరగకాచినదే తాగండి. నిరుడు విప్పిన సంచిలోని పొడి చాలావరకు చచ్చి ఉంటుంది. మూతి తీయగానే ఘాటు ముక్కుకు తగలకపోతే దానిని పారబోసి కొత్తది తెప్పించండి.