1963 స్ట్రాటోకాస్టర్: నంబర్ చూసి డబ్బు పంపకండి

1963 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అని ఒకరు అమ్ముతున్న ఎలక్ట్రిక్ గిటార్ గురించి, నెక్ ప్లేటు (గిటార్ మెడని, అంటే నెక్‌ని, బాడీకి బిగించే వెనకవైపు లోహపు పలక) మీద సీరియల్ నంబర్ 1963కి సరిపోతోంది, కొనేయొచ్చా అని అడిగారు. ఆగండి. ఆ ప్లేటు నాలుగు స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చేస్తుంది, పాతదొకటి తెచ్చి వేరే గిటార్‌కి బిగించడం ఎంతసేపు?

మీ ఫొటోలో నాకు ముందు కంట్లో పడింది హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే మరలుండే నెక్ చివరి భాగం. స్ట్రాటోకాస్టర్‌కి అంత పెద్ద హెడ్‌స్టాక్ వచ్చింది అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి ఫెండర్ కంపెనీ వెళ్లాక, 1965 చివర్లో. అంటే తక్కువలో తక్కువ నెక్ అయినా మార్చి ఉండాలి.

ఇంకా ఆశ చావకపోతే అమ్మేవాళ్లని నెక్ విప్పి, అది బాడీలో కూర్చునే చివర ఉన్న తేదీ ముద్రనీ, పిక్‌గార్డ్ (బాడీ ముందుండే ప్లాస్టిక్ పలక) ఎత్తి పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే విద్యుత్ భాగాలు) వెనక అంకెల్నీ దగ్గరగా ఫొటో తీసి పంపమనండి. ఉదాహరణకి 1376633 అని ఉంటే 137 అంటే సీటీఎస్ అనే కంపెనీ తయారీ, 66 సంవత్సరం, 33 వారం. పాట్ గిటార్ కంటే కాస్త పాతదైతే పర్లేదు, కొత్తదైతే మాత్రం ఎవరో మార్చినట్టే. టంకం కొత్తగా తళతళలాడుతున్నా అనుమానించాల్సిందే.

పెయింట్ అరుగుదల చూసి మురిసిపోకండి, అది ఇసుక కాగితంతోనూ వస్తుంది! విప్పడం కుదరదంటే ఆ బేరం వదిలేయండి.