కాంటూరు రేఖలు కలిసిపోవడం అచ్చుతప్పు కాదు

టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలు చూపే పటంలో) తిరుమల కొండ అంచున, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలన్నీ ఒకే గీతగా అతుక్కుపోయాయని, అడ్డుకోత (కొండను నిలువునా కోస్తే కనిపించే ఆకారం) ఎలా గీయాలని మీరు అడిగారు. అది అచ్చుతప్పు కాదు. అక్కడ కొండ నిజంగానే గోడలా నిలిచి ఉంది. 1:50,000 షీటులో ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు, రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు కనుక, ఆ మిల్లీమీటరులోనే ఐదు అంతరాలు, అంటే 100 మీటర్ల ఎత్తు, ఇరుక్కుంటే వాలు దాదాపు 63 డిగ్రీలు ఉన్నట్టు. కింద గ్రానైటు, పైన గట్టి క్వార్ట్జైటు పొరలు ఉండడం, ఆ పైపొర నిలువు పగుళ్ల వెంట దిమ్మలుగా విరిగిపడడం ఇందుకు కారణం. (రెండు రాళ్లూ కలిసే చోటు కనుమదారిలోనే కనిపిస్తుంది, గోవిందనామాల మధ్య ఎవరూ పట్టించుకోరు గానీ.) కలిసిపోయిన రేఖలను లెక్కపెట్టే ప్రయత్నం మానేసి, వాటికి పైనా కిందా విడిగా చదవగలిగిన రేఖల ఎత్తులను గుర్తించి, ఆ తేడాను దాదాపు నిలువు గీతగా వేయండి.