చేతి మీద నొప్పి లేని నల్ల పుండు.. షుగర్ వల్లేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 46 ఏళ్లు, గొర్రెలు కాస్తారు. కుడి చేతి మీద దోమ కుట్టినట్టు పొక్కు లేచి, నీటి బుడగలా అయి, ఇప్పుడు మధ్యలో మాడినట్టు నల్లటి పుండు పడింది. చుట్టూ వాపు ఉంది, నొప్పి లేదు. ఆర్‌ఎంపీ చూసి షుగర్ పుండు అని సూది వేసి, గోలీలు, ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. పది రోజుల కింద చిటుకు రోగంతో రెండు జీవాలు చనిపోతే ఒకదాన్ని ఆయనే కోశారు. పోగులు వేసి పంచుకున్నాం, మిగిలింది ఒట్టి తునకలు పెట్టాం. షుగర్‌కు రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటే సరిపోతుందా?

డాక్టర్ సలహా: అమ్మా, అన్నమా రొట్టెనా అన్నది తర్వాత చూద్దాం. మీరు మాటవరసకు రాసిన ఆ గొర్రె సంగతే నన్ను టెన్షన్ పెడుతోంది. పుండును కళ్లారా చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పలేను, స్క్రబ్ టైఫస్ అనే జ్వరంలో కూడా ఇలాంటి నల్ల మచ్చ పడుతుంది. కానీ చచ్చిన జీవాన్ని కోసిన చేతి మీద, కొద్ది రోజుల్లోనే, పొక్కు బుడగై, నల్లబడి, చుట్టూ వాచి, నొప్పి లేకుండా ఉందంటే ముందు అనుమానించాల్సింది ఆంత్రాక్స్‌నే, అంటే పశువుల్లో మనం దొమ్మ రోగం అనేదాన్ని. షుగర్ పుండ్లు ఎక్కువగా కాళ్లకు పడతాయి.

చిటుకులోనూ దొమ్మలోనూ జీవం ఉన్నట్టుండి పడి చనిపోతుంది కాబట్టి కాపరులు పొరబడటం సహజం. చనిపోయినప్పుడు ముక్కు నుంచో, వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారిందేమో ఆయన్ని అడగండి. కారకపోయినా దొమ్మ కాదని తేల్చుకోవద్దు. అలాంటి కళేబరాన్ని అసలు కోయకూడదు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు స్పోర్లుగా, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లాంటి రూపంలోకి మారతాయి, అవి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మామూలు వంట వేడికి చస్తాయన్న నమ్మకం లేదు, ఎండబెడితే అసలే చావవు. ఆ తునకలు ముట్టుకోకండి, కుక్కలకూ వేయకండి. 1962కు ఫోన్ చేసి పశువైద్యుడికి చెప్పండి, ఎలా పారేయాలో ఆయనే చూస్తారు, మిగతా మందకు టీకా సంగతీ మాట్లాడతారు.

ఇక ఆ సూది గురించి. ఏం మందు వేశారో మీకు తెలియదు కదా? నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే, పేరు తెలియని సూది, మూడు రోజుల గోలీలు అయ్యాక వస్తారు. యాంటీబయాటిక్ అరకొరగా పడ్డాక పుండు నుంచి శాంపిల్ తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. స్టెరాయిడ్ అయితే వాపును కప్పిపెడుతుంది, షుగర్‌నూ పెంచుతుంది. కోప్పడుతున్నానని అనుకోవద్దు, ఖాళీ సీసా, గోలీల అట్ట దొరికితే మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

ఈరోజే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికో, ఫిజీషియన్ ఉన్న మరో ఆస్పత్రికో వెళ్లి ముందుగా గొర్రెను కోసిన విషయమే చెప్పండి. సరైన యాంటీబయాటిక్ సమయానికి పడితే చర్మానికి వచ్చే ఆంత్రాక్స్ దాదాపు అందరికీ తగ్గిపోతుంది. వదిలేస్తే 100 మందిలో 10 నుంచి 20 మందికి ప్రాణం మీదకు రావచ్చు. మందు మొదలయ్యాక కూడా నల్ల పెచ్చు రాలడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అది చూసి మందు పనిచేయట్లేదని ఆపేయొద్దు. పుండును పిండకండి, గీకకండి, శుభ్రమైన గుడ్డతో కప్పి ఉంచండి. జ్వరం, తలనొప్పి, ఆయాసం, వాపు భుజం వైపు పాకడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం చాలా అరుదు, ఆయన్ని దూరం పెట్టాల్సిన పని లేదు. పోగు తీసుకున్న ఇళ్లవాళ్లకు మాత్రం చెప్పి తీరాలి, మొహమాటపడకండి. ఎవరికైనా ఇలాంటి పొక్కు లేచినా, జ్వరంతో కడుపునొప్పి, రక్త విరేచనాలు వచ్చినా వాళ్లూ వెంటనే చూపించుకోవాలి.

షుగర్ అంటారా, పరీక్ష చేయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. ఎలాగూ ఆస్పత్రికి వెళ్తున్నారు కాబట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) కూడా చేయించండి. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆయన్ని మామూలుగా అన్నం తిననివ్వండి.